టీవీ బౌదికి తోటికోడలు

మా తోటికోడలు పోయింది. ఆ మాట నాకు చెప్పింది బజారులో చేపలమ్మే బెంగాలీ ఆవిడ. "టీవీ బౌది పోయిందట కదా" అంటూ, నాకోసం కోసిన ముక్కల్ని సంచిలో వెయ్యకుండా మళ్లీ పళ్లెంలో పెట్టేసింది. ఆసుపత్రి నుంచి కబురు ముందు వాళ్ల టిఫిన్ కొట్టుకి వెళ్లిందట. కొట్టు నుంచి బజారుకి, బజారు నుంచి నాకు. ఇంటికి పెద్ద కోడలిని, అందరికంటే ఆఖరున నాకు తెలిసింది. ఏడుపు తరవాత వచ్చింది. ముందొచ్చింది ఉక్రోషం.

చదివేవాళ్లు ఏమైనా అనుకోండి. ఆమె మీద నాకు కుళ్లు ఉండేది, ఇప్పటికీ ఉంది. అది దాచి ఆమె గురించి రాస్తే ఆమే నవ్వుతుంది.

కలకత్తా గార్డెన్ రీచ్‌కి నేను కాపరానికొచ్చిన చాలా ఏళ్లకి ఆమె మా మరిదిని చేసుకుని టికియాపారా రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చింది. అయినా ఈ సందులో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. నేను "టీవీ బౌదిర్ జా"ని, అంటే టీవీ వదినగారి తోటికోడలిని. వచ్చిన కొత్తలో ఆమెకి మినప్పప్పు ఎంతసేపు నానాలో కూడా తెలీదు. బెంగాలీ గలగలా మాట్లాడేది, తెలుగు చదవాలంటే వేలు పెట్టుకుని కూడబలుక్కునేది. ఇడ్లీ, ఉప్మా, అల్లం పచ్చడి, అన్నీ నా వంటింట్లో నా పక్కన నిలబడి నేర్చుకుంది. చేతి వేళ్లతో పిండి తీసి చూపిస్తూ "ఇది సాలా అక్కా, ఇంకా రుబ్బాలా?" అనేది. నేను ఎప్పుడూ ఇంకా రుబ్బాలనే అనేదాన్ని.

మా మరిది ఓడల డాక్‌లో పని మానేసి వచ్చాక మొగుడూ పెళ్లాలు కలిసి మెటియాబ్రుజ్ వెళ్లే రోడ్డు మీద టిఫిన్ కొట్టు పెట్టారు. అప్పుడే ఓ బెంగాలీ ఛానెల్‌వాళ్లు, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టిన ఆలుమగల వెంట కెమెరాతో తిరిగి వారంవారం చూపించే కార్యక్రమం తీస్తున్నారు. ఎవరు చెప్పారో ఏమో, వీళ్లని పట్టుకున్నారు. మొదటి రోజే ఆమెకి ఇంత బొట్టు పెట్టి, తలలో పూలు తురిమి, కొబ్బరికాయ కొట్టమన్నారు. "దాదా, మేం కిరస్తానీలం, గుడికెళ్లేది ఆదివారం. ప్రార్థన చేసుకుని పొయ్యి వెలిగిస్తాం, అది తీసుకో" అంది. దాదా అంటే బెంగాలీలో అన్న, తీయించే ఆయన్ని అందరూ అలాగే పిలిచేవారు. వాళ్లు అదే తీశారు. అది కూడా జనానికి నచ్చింది. ఆమె ఏం చేసినా జనానికి నచ్చుతుంది మరి.

వీధి చివర పార్టీ క్లబ్బులో టీవీ చుట్టూ మా సందంతా మూగి చూసేవాళ్లం. మా మరిది గ్రైండరు ముందు గొంతుక్కూర్చుని పిండి తిప్పుతుంటే, ఆమె పమిటతో అతని మెడ మీద చెమట తుడిచేది. ఆడవాళ్లంతా అబ్బ అనేవాళ్లు. మా ఆయన "ఈడికి సిగ్గునేదు" అని లేచిపోయాడు. నేను మాత్రం ఆ పమిట కొంగే చూస్తూ కూర్చున్నాను. నేర్పిన చెయ్యి నాది, తుడవడానికి మెడ దొరికింది ఆమెకి. ఏడవకుండా ఎలా ఉంటాను?

ఓ వారం ఛానెల్ దాదాకి వాళ్లిద్దరి మధ్యా గొడవ కావలసి వచ్చింది. ఎంతసేపూ నవ్వుతుంటే ఎవరు చూస్తారన్నాడు. బోర్డుకి ఏ రంగు వెయ్యాలని కొట్టుకోమన్నాడు. మా మరిది "నీకేటీ తెల్దు" అని మొదలుపెట్టేవాడు, ఆమె మొహం చూసి నవ్వేసేవాడు. గొడవ లేకపోతే వీళ్లని తీసేసి, హౌరాలో బజ్జీల కొట్టు పెట్టిన ఇంకో జంటని పెడతానని దాదా బెదిరించాడు. టీవీలో వచ్చినందుకే కొట్టుకి జనం వస్తున్నారు. అది ఆగిపోతే పొయ్యి ఆరిపోయినట్టే.

చేతులు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చింది. "అక్కా, ఆయన్తో నాకు గొడవ రాట్లేదు. నువ్వొచ్చి నన్ను ఓపాలి తిట్టవా?"

"నాకేటి తెల్సే యాక్టింగు?" అన్నాను.

"నీకు యాక్టింగు అక్కర్నేదులే అక్కా" అంది, నా వైపు చూడకుండా.

ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. కెమెరా తిరిగింది. "రుబ్బడం ఎవులు నేర్పినారే నీకు? ఈ పచ్చడి ఎవుల్దే? టీవీలో ఒక్కపాలి నా పేరు సెప్పినావా?" అని మొదలుపెట్టాను. అక్కడ ఆగితే బాగుండేది. "నీ మొగుడు నీ ఎనకాలే తిరుగుతాడు, నా మొగుడు నానున్నానో నేదో సూడ్డు. నీకేటే అంత అదురుష్టం?" అనేసరికి నా గొంతే నాకు వేరేగా వినిపించింది. ఆమె తల వంచుకుని అట్టు తిరగేస్తూ నిలబడింది. దాదా "దారుణ్, దారుణ్" అని చప్పట్లు కొట్టాడు. బెంగాలీలో అది మెచ్చుకోలు.

అది టీవీలో వచ్చాక కొట్టు ముందు జనం ఇంకా పెరిగారు. చిక్కొచ్చింది మా తెలుగు గుడిలో. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అందరం రొట్టె పుచ్చుకునే ఆరాధన. ఎవరి మీదైనా మనసులో ఏదైనా ఉంటే, వాళ్లతో సమాధానపడకుండా రొట్టె ముట్టుకోకూడదు. గుమ్మంలోనే పాస్టరు అయ్యగారు అడిగారు, "సమాధానపడ్డారా అమ్మా ఇద్దరూ?" అని.

"అది టీవీకోసం అయ్యగారూ, అంతా ఉత్తిదే" అంది ఆమె.

రొట్టె పళ్లెం బెంచీల వెంబడి చేతులు మారుతూ నా దగ్గరికొచ్చింది. నేను తీసుకోలేకపోయాను. అలాగే పక్కనున్న ఆమెకి అందించాను. ఆమె పళ్లెం వైపు చూసింది, నా వైపు చూసింది. తనూ తీసుకోకుండా దాటించేసింది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. తీసుకుంటే ఆమెని ఎవరూ ఏమీ అనరు, ఆమె మనసులో ఏమీ లేదు. అందరి ముందూ నాతోపాటు దోషిలా కూర్చుంది. మోచేత్తో పొడిచి, "ఇంకా ఉందేటక్కా?" అంది గుసగుసగా.

"ఉంది" అన్నాను.

"అయితే వచ్చే నెల సూద్దాం."

నాకు నవ్వొచ్చింది, గుడిలో నవ్వకూడదని ముసుగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. తరవాతి నెల ఇద్దరం తీసుకున్నాం. అప్పట్నుంచి అదే అలవాటు. పళ్లెం వచ్చే ముందు మోచెయ్యి, "ఉందేటి?" అని ప్రశ్న. లేదంటే ఇద్దరం తీసుకునేవాళ్లం, ఉందంటే ఇద్దరం దాటించేవాళ్లం. అయ్యగారు చూసి చూసి ఊరుకున్నారు. నన్ను ఆమెలా అడిగిన మనిషి నా జన్మలో ఇంకొకరు లేరు. మా అమ్మ కూడా అడగలేదు. ఇది నేను ఆమెతో ఎప్పుడూ అనలేదు.

కొట్టులో పొద్దున దింపిన మొదటి వాయిలో రెండు ఇడ్లీలు స్టీలు డబ్బాలో నాకు పంపేది. మా మరిది సైకిలు మీద తెచ్చేవాడు. బాగున్నాయని ఎన్నడూ కబురు పెట్టలేదు. ఉప్పు తక్కువైందనో, పిండి పులిసిందనో అనేదాన్ని. బాగున్నాయంటే పంపడం మానేస్తుందని నా భయం.

జ్వరమని ఆసుపత్రిలో చేరిన మనిషి మళ్లీ ఇంటికి రాలేదు. సమాధి దగ్గరికి డాక్ కూలీలు, దర్జీలు, బెంగాలీ ఆడవాళ్లు, ఆటోవాళ్లు, ఎంత జనమో. మా మరిది పెట్టె మీద పడి ఏడుస్తుంటే నలుగురు పట్టుకోవలసి వచ్చింది. నేను పోతే ఎవరైనా అలా ఏడుస్తారా అనుకున్నాను. అక్కడ నిలబడి కూడా అదే అనుకున్నాను.

మొన్న మొదటి ఆదివారం గుడికి వెళ్లాను. నా పక్కన ఆమె చోట ఎవరూ కూర్చోలేదు, అవతల కూర్చున్నావిడ మర్యాదకి ఇంకాస్త ఎడంగా జరిగింది. పాట అయింది, ప్రార్థన అయింది. డొక్కలో ఎవరూ పొడవలేదు. ఉందేటి అని ఎవరూ అడగలేదు. పళ్లెం నా చేతికొచ్చింది.

"ఉంది" అన్నాను, పైకే.

రొట్టె తీసుకోలేదు. పళ్లెం అవతలావిడకి అందించడానికి ఆ ఖాళీ మీదుగా బాగా వంగాల్సి వచ్చింది.