స్విమ్మింగ్ పూల్‌లో సద్దుల బతుకమ్మ

ఉప్పల్ చౌరస్తా మీదుగా మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజులవి. జనమంతా తలెత్తి రైలును చూస్తుంటే, నేను మాత్రం ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు తల దించుకుని పరుగెత్తుతూ ఉండేదాన్ని. పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా ఆగలేక నాలుగుసార్లు మూత తీసి చూసే రకం నేను. బస్సు రాకపోతే ఊరికే నిలబడటం ఎందుకని ముందు స్టాపుకు నడక మొదలుపెట్టేదాన్ని. రెండు స్టాపుల మధ్య ఉండగా బస్సు నన్ను దాటుకుని దర్జాగా వెళ్లిపోయేది. ఈ అవస్థ చూసి మా బావ నాకు 'మీటర్' అని పేరు పెట్టాడు. (ట్రాఫిక్‌లో ఆటో ఆగినా మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుందని ఆయన వివరణ. ఆయన ఆటో నడపడు, బ్యాటరీల కంపెనీలో సూపర్‌వైజర్. అయినా పోలికలన్నీ రోడ్డు మీదివే తెస్తాడు.)

అప్పుడే డిగ్రీ అయింది, బీఎస్సీ కెమిస్ట్రీ. జనగామ దగ్గర మా ఊరి నుంచి వచ్చి అక్కా బావల ఇంట్లో దిగాను. నాచారం పారిశ్రామికవాడలో నీళ్లు పరీక్షించే చిన్న ల్యాబ్ ఒకటి ఉండేది. ఫ్యాక్టరీల క్యాంటీన్ల నుంచి, హాస్టళ్ల నుంచి సీసాల్లో నీళ్లు వస్తే, అవి తాగడానికి పనికొస్తాయో లేదో చెప్పడం మా పని. దాని యజమానురాలు మా మేడం. ఆరు నెలలు ట్రైనింగ్, ఆ తర్వాత నచ్చితే పర్మినెంట్ అన్నారు. ఇటు మా నాన్నేమో, "దసరా దాంక జూస్త బిడ్డా. నౌకరి పక్క గాకుంటే ఇంటికొచ్చి మన ఊరి బడిల జేరు" అని చెప్పేశాడు. బడి చెడ్డదని కాదు. ఆ బడిలో నాకు లెక్కలు చెప్పి, తొడపాశం పెట్టిన సారే ఇంకా హెడ్‌మాస్టరు. ఆయన ముందు మళ్లీ నిలబడే ధైర్యం నాకు లేదు.

దసరా సెలవులకు మేడం కుటుంబమంతా ఎనిమిది రోజులు కొడైకెనాల్ బయల్దేరారు. మా అక్కావాళ్లు అద్దెకుండే గల్లీ చివరే మేడం ఇల్లు. ఆ ఇంటి వెనక చిన్న స్విమ్మింగ్ పూల్ ఉండేది. బయల్దేరే ముందు రోజు నన్ను పిలిచి తాళంచెవులు చేతిలో పెట్టారు. "సూడమ్మా, నీళ్లపైన తేలే ఈ తెల్ల డబ్బాల క్లోరిన్ బిళ్లలున్నయ్, మెల్లగ కరుగుతయ్. పొద్దున ఒక్కసారి టెస్ట్ చేసి ఫోటో పంపు. క్లోరిన్ ఒకటి కన్న తక్కువొస్తే ఎండ పోయినంక గా క్లోరిన్ పొడి ఒక గిలాసెడు బకెట్ నీళ్లల్ల కలిపి పొయ్యి. ఇంకేం చెయ్యకు. అర్థమైందా, ఇంకేం చెయ్యకు" అన్నారు. చివరి మాట రెండుసార్లు అన్నారంటే ఆరు నెలల్లో నా గురించి ఆవిడకు బాగానే అర్థమైందన్నమాట. గేటు దాకా వచ్చాక, "వచ్చినంక నీ సంగతి చూద్దాం" అని కూడా అన్నారు. ఆ 'సంగతి' అంటే పర్మినెంటా, ఊరి బడా అని ఎనిమిది రోజులూ లెక్కలు వేస్తూనే ఉన్నాను.

పొద్దున ఒక్కసారి చూడమంటే నేను రోజుకు నాలుగుసార్లు చూసేదాన్ని. ఆ పరీక్ష చాలా సులువు. చిన్న గొట్టంలో నీళ్లు తీసుకుని మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉన్నకొద్దీ పసుపు రంగు వస్తుంది. పక్కనున్న రంగుల పట్టీతో పోల్చుకుంటే సరిపోతుంది. ఒకటిన్నర వచ్చేది. సాయంత్రం మళ్లీ ఒకటిన్నర. మధ్యాహ్నం భోజనం మానేసి నాచారం నుంచి షేర్ ఆటోలో వచ్చి చూస్తే అప్పుడూ ఒకటిన్నరే. క్లోరిన్ తన పని తాను చేసుకుంటుంటే నాకే తోచేది కాదు. తెల్ల డబ్బాను కర్రతో ఆ మూల నుంచి ఈ మూలకు నెట్టేదాన్ని. రాలిన వేపాకును చూస్తే శత్రువు కనిపించినట్టు వల తీసుకుని పరుగెత్తేదాన్ని. "ఏం మరదలా, నీళ్లు ఉన్నయా ఎటన్న వోయినయా?" అని బావ రోజూ అడిగేవాడు.

నాలుగు రోజులు అలా గడిచాయి. ఐదో రోజు సద్దుల బతుకమ్మ, పేర్చిన పూలను ఆడి చెరువులో వదిలే ఆఖరి రోజు. సాయంత్రం మా గల్లీ ఆడవాళ్లంతా మేడం గేటు ముందున్న ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టి ఆడారు. మా అక్క పేర్చింది నడుము ఎత్తు ఉంది. ఆట అయ్యి, ఇక చెరువుకు బయల్దేరదామనుకునేసరికి వాన మొదలైంది. ముందు వెళ్లొచ్చిన వాళ్లు చెరువుకట్ట దారంతా బురదేనని, ఒకామె బతుకమ్మతో సహా జారి కూర్చుందని చెప్పారు. నేను గేటు తీస్తే అందరూ మేడం పోర్టికో కిందికి చేరారు. అక్కడి నుంచి పక్కసందులోకి చూస్తే ఇంటి వెనక పూల్ అంచు నీలంగా కనబడుతుంది. మా అక్క అటు చూసింది. తర్వాత నా నడుముకున్న తాళంచెవుల గుత్తి వైపు చూసింది.

"లోపట గన్ని నీళ్లు వెట్టుకొని చెరువు చెరువు అంటరేందే?" అంది.

"అక్కా, అవి మందు నీళ్లే. మేడం నన్ను సంపుతది" అన్నాను.

పక్కింటి పెద్దమ్మ బతుకమ్మను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంటూ, "మందెందుకు బిడ్డా? గౌరమ్మ పూలు వడ్డ చెరువు అద్దం లెక్క అయితది. తంగేడు, గునుగు ఉత్తగనే వెట్టిన్రా పెద్దలు? గవ్వే నీళ్లను సాఫ్ జేస్తయి" అంది.

"గీ మాట ఇదే జెప్పింది పెద్దమ్మా, కాలేజీల" అంది మా అక్క. "స్పీచ్ ఇచ్చి గిలాస గెల్సుకొచ్చింది."

అది నిజమే. డిగ్రీ రెండో ఏడు వక్తృత్వ పోటీలో, బతుకమ్మ పూలు నీటిని ఎలా శుద్ధి చేస్తాయో చేతులు ఊపుతూ పది నిమిషాలు చెప్పాను. రెండో బహుమతిగా స్టీలు గ్లాసు ఇచ్చారు. (మొదటి బహుమతి మాట్లాడినవాడికి కాదు, మధ్యలో ఏడ్చినవాడికి వచ్చింది.) ఇప్పుడు కాదంటే ఆ గ్లాసు తిరిగిచ్చేయాలి. పైగా మొదటి నుంచీ నా వైఖరి ఇదే, సైన్సు మీదా నమ్మకమే, పెద్దవాళ్ల మీదా నమ్మకమే. రెండూ పోట్లాడుకుంటే ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల పక్షాన చేరేదాన్ని. ఆ సాయంత్రం పెద్దమ్మ గొంతు గట్టిగా ఉంది. పూల్ వైపు తలుపు తాళం తీశాను.

ఎనిమిది బతుకమ్మలు ఆ నీలం పలకల నీళ్లలో దిగుతుంటే నిజంగా మురిసిపోయాను. పూల్ దీపాలు వేశాను, తంగేడు పూలు బంగారంలా మెరిశాయి. వాన వెలిశాక, మేడం ఇంటివాళ్లు ఎండ కాచుకునే పొడవాటి కుర్చీల్లో కూర్చుని అందరం సత్తుపిండి, పెరుగన్నం తిన్నాం. ఇంతలో పెద్దమ్మ నీళ్లకేసి చూసి, "గా తెల్ల తాబేలు ఏందే? అమ్మ మీదికి ఎక్కుతున్నది" అంది. అది క్లోరిన్ బిళ్లల డబ్బా. దానికి తగిలిన చోట గునుగు పూలు రంగు వెలిసి తెల్లబడుతున్నాయి. "గౌరమ్మ మీద మందా! పాపం దలుగుతది, తీసెయ్" అని అందరూ ఒక్కసారి అరిచారు. తీసేశాను. పూరెక్కలు పైపులోకి పోతాయని నీళ్లు వడగట్టే ఫిల్టర్ మోటారు కూడా ఆపేశాను. చేతికి దొరికినదల్లా కదిలించే నేను, ఆ ఒక్క సాయంత్రం అన్నీ ఆపేసి ఇంటికి వెళ్లి ప్రశాంతంగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఆరింటికి వెళ్లి చూశాను. పూలు సగం మునిగాయి, అడుగున పరిచిన గుమ్మడాకులు కుళ్లుతున్నాయి, రంగు అద్దిన గునుగు కారి మెట్ల మీద గులాబీ చారలు పడ్డాయి. బతుకమ్మల మీద పెట్టిన పసుపు ముద్దల గౌరమ్మలు కరిగి, బంతిపూల రసంతో కలిసి నీళ్లన్నీ పలచటి పప్పుచారులా ఉన్నాయి. గొట్టంలోకి నీళ్లు తీసి చుక్కలు వేశాను. పసుపు రంగు! పట్టీ పక్కన పెట్టాను, సరిగ్గా ఒకటిన్నర. ఎగిరి గంతేశాను. రెండో గంతు వేయబోతూ ఆగాను. చుక్కలు వేయకుండా ఇంకోసారి నీళ్లు తీసి చూశాను. అదే పసుపు. చుక్కలు వేసినా వేయకపోయినా రంగు ఒకటే. అంటే అది క్లోరిన్ రంగు కాదు, మా పసుపు, మా బంతిపూల రంగు. అసలు క్లోరిన్ సున్నా.

అప్పటికే ఫోటో తీశాను. ఆ ఫోటోలో పట్టీ, గొట్టం పక్కపక్కన కవలల్లా ఉన్నాయి. పంపితే కొడైకెనాల్‌లో కాదు, చంద్రమండలంలో ఉన్నవాళ్లు కూడా ఒకటిన్నర అనే అంటారు. మేడం వచ్చేలోగా నీళ్లు బాగు చేసేస్తే ఎవరికీ తెలియదు. ఒడ్డు మీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. కళ్ల ముందు మా హెడ్‌మాస్టరు కనబడ్డాడు. వెతుక్కుంటూ వచ్చిన అక్క సంగతి విని, "ఫోటో పంపి ఊకోయే, పిచ్చిదానా! నౌకరి వోతది" అంది. పది సార్లు రాసి పది సార్లు చెరిపాను. చివరికి ఫోటోతో పాటే, "మేడం, క్లోరిన్ సున్నా. ఫోటోలో పసుపు రంగు పూలది. నిన్న పూల్‌లో బతుకమ్మలు వేశాం. తప్పు నాదే" అని పంపి, ఫోను సత్తుపిండి డబ్బాలో పెట్టి మూత పెట్టాను. రెండు నిమిషాలు కాకముందే మూత తీశాను. నీలం టిక్కులు పడ్డాయి.

జవాబు ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. 'టైపింగ్' అని వచ్చేది, ఆగిపోయేది. తిడితే ఏడ్చి ఊరుకునేదాన్ని, తిట్టకపోతే ఏం చేయాలి? అక్కా బావా నేనూ కలిసి దోమతెర కొసలు పట్టుకుని పూల్ అంతా ఈడ్చాం. "చేపలు వడితే జెప్పున్రి, పులుసు వెడ్దాం" అన్నాడు బావ. నేను నవ్వకపోయేసరికి, "జనగామ బస్సుకు టికెట్ తియ్యాల్నా మరదలా?" అన్నాడు. అప్పుడు భోరుమన్నాను. పాపం, ఆయన దోమతెర వదిలేసి నన్ను ఊరుకోబెట్టబోతే ఈడ్చిన పూలన్నీ మళ్లీ నీళ్లలో పడ్డాయి. సాయంత్రాలు పొడి కలిపి పోశాను, మోటారు నడిపాను. ఎనిమిదో రోజుకు నీళ్లు తేటపడ్డాయి. చుక్కలు వేస్తేనే పసుపు వచ్చింది, ఒకటి. మెట్ల మీద గులాబీ చారలు మాత్రం ఎంత తోమినా పోలేదు.

మేడం కారు దిగి తిన్నగా పూల్ దగ్గరికే వచ్చారు. ఆ చారల వైపే చూస్తూ, "ఎన్ని బతుకమ్మలు?" అని అడిగారు.

"ఎనిమిది మేడం."

"ఎవరెవరివి?"

"అన్నీ నావే మేడం" అన్నాను. గల్లీవాళ్లందరినీ ఇరికించడం ఇష్టం లేక.

"ఎనిమిదీ నువ్వొక్కదానివే పేర్చినవా?"

"పేర్చిన మేడం."

ఆవిడ నవ్వలేదు. "గా ఫోటోల రంగు పట్టీకి సరిగ్గ కలిసింది. నువ్వు చెప్పకపోతే నాకు తెల్వకపోతుండె" అన్నారు.

"మరి మీరు జవాబు ఎందుకియ్యలేదు మేడం?" అనేశాను. అడగకూడదని తెలుసు, కానీ మూడు రోజుల నుంచి నోట్లో ఆ ప్రశ్నే ఉంది.

"తిట్టుకుంట టైప్ చేసిన, తీసేసిన. మళ్లా చేసిన, మళ్లా తీసేసిన. నీ కన్న ముందు ఒకడు పనిచేసిండు. వాని రిజిస్టర్ల ఆరు నెలలు రోజూ ఒక్కటే నంబర్. ఒక్కనాడు కూడా టెస్ట్ చెయ్యలే. గా నీళ్లే క్యాంటీన్ల అందరు తాగిన్రు. కొందరు దవాఖానల పడ్డంక బయటపడ్డది." చెప్పుతో ఒక గులాబీ చారను రుద్ది చూశారు. "సున్నా వస్తే సున్నా అని చెప్పే మనిషి కోసం రెండేండ్ల సంది చూస్తున్న. సోమవారం వచ్చి పర్మినెంట్ లెటర్ తీస్కో. ఇప్పుడైతే పోయి ఫిల్టర్ కడుగు. రేపటికల్ల గునుగు వాసన రావద్దు."

ఏడుస్తూ కడిగాను. అంత సంతోషంగా నేను ఏ గిన్నెనూ కడగలేదు.

ఇప్పుడు ఆ ల్యాబ్‌లో నేనే ఇన్‌ఛార్జిని. నా సంతకం, నా ముద్ర పడితేనే కాగితం బయటికి వెళ్తుంది. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఓ హాస్టల్ నీళ్లలో క్లోరిన్ రీడింగు ఉండాల్సిన దానికన్నా రవ్వంత తక్కువ వచ్చింది. ఆ హాస్టల్ ఆయన మా ల్యాబ్‌కు పాత పార్టీ, మర్యాదస్థుడు, బయట సోఫాలో కూర్చుని టీ తాగుతున్నాడు. గొట్టం కడిగి మళ్లీ చేశాను, అంతే వచ్చింది. ఇంకోసారి చేశాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూశాను, కళ్లద్దాలు తుడుచుకుని చూశాను. 'సరిపోయింది' అని రాస్తే ఎవరికీ ఏమీ కాదు, మరీ అంత తక్కువేం కాదు అని మనసులో ఒకరు మెల్లగా నచ్చజెబుతూనే ఉన్నారు. చివరికి ఉన్నదే రాశాను. అయితే ఆ ఒక్క అంకె రాయడానికి నాకు అరగంట పట్టింది. ఇంత అనుభవం, ఇంత హోదా, పోయేదేమీ లేదు, అయినా అరగంట. ఉన్న ఒక్క ఉద్యోగమూ పోతుందని గట్టిగా నమ్ముతూ కూడా, ఆనాడు పూల్ ఒడ్డున కూర్చున్న ఆ పిల్ల నిజం పంపించేసింది. నవ్వొస్తుంది దాన్ని తలుచుకుంటే. ఆ మధ్యాహ్నం మాత్రం, కొంచెం సిగ్గు కూడా వేసింది.