లావన్న నిలబడ్డ చోటు

కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్‌లో అటెండరుగా చేరిన తొలి వారంలోనే పిల్లలు ఆయనకు లావన్న అని పేరు పెట్టేశారు. నూటపది కిలోల మనిషి మరి, దాచుకుంటే దాగే ఒళ్లా అది! ఆయనకు కోపమూ రాలేదు. ఎనిమిదో తరగతితో చదువాపేసిన తన చేతికి ఆ గది తాళంచెవి ఇచ్చారన్న కృతజ్ఞత ముందు ఇలాంటివి ఏపాటి?

ఇరవై రెండేళ్లుగా ఆయన ప్రాణమంతా ఒక అద్దాలపెట్టె మీదే. అందులో సన్నటి తీగకు వేలాడే చిన్న కడ్డీ, కడ్డీ చివర్లలో రెండు చిన్న గోళాలు. పెట్టె బయట రెండు పెద్ద సీసపు గోళాలు. పెద్దవి చిన్నవాటిని లాగుతాయి. ఎంత లాగాయో, కడ్డీకి అతికించిన చిన్న అద్దం మీంచి గోడ మీద పడే వెలుగుచుక్క కదలికను బట్టి లెక్క కడతారు. సీసపు గోళాలను ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చేది లావన్నే. తుమ్మొస్తే గుమ్మం దాటి తుమ్మి వచ్చేవాడు.

ఇంత చేసినా లెక్క మాత్రం పుస్తకంలో ఉన్నదానికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే వచ్చేది. కొత్త ప్రిన్సిపాల్ విసిగిపోయి, శనివారంలోగా సరిగ్గా రాకపోతే పెట్టెను పాత సామాన్లలో పడేయమన్నాడు. లావన్నకు ఆ వారమంతా ముద్ద దిగలేదు.

శుక్రవారం లెక్చరర్ మేడం, ఆయన కూతురి వయసుది, అంకెలు పక్కన పెట్టి ఆయన్నే చూస్తూ కూర్చుంది. గోళాలను ఏ మూలకు మారిస్తే ఆ మూలకే తనూ వెళ్లి, ఎవరి మోచెయ్యీ తగలకుండా పెట్టెను ఆనుకున్నట్టే కాపలా కాస్తున్నాడు. ఈసారి గోళాలు మార్చాక గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడమంది. చుక్క ఆగింది, లెక్క సరిపోయింది.

లావన్న మొహం మాడిపోయింది. ఇన్నేళ్లూ చెడగొట్టింది తనేనన్నమాట.

మేడం స్టూలు లాగి ఆయన్ను కూర్చోబెట్టింది. "మీ తప్పేం లేదు బాబాయ్. బరువున్న ప్రతిదీ పక్కదాన్ని లాగుతుంది. ఆ గోళాలకంటే మీరు ఎన్నో రెట్లు కదా, మీరూ లాగారు. దూరం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే గుమ్మం దగ్గరుంటే దానికి మీ ఊసే తెలీలేదు."

శనివారం ప్రిన్సిపాల్ కళ్లముందే లెక్క మళ్లీ సరిపోయింది, పెట్టె ఉన్నచోటే ఉండిపోయింది. అందరూ వెళ్లాక లావన్న మేడం బల్ల దగ్గరికి వచ్చాడు.

"పక్కకి జరగమని చిన్నప్పట్నుంచీ అందరూ అన్నవాళ్లేనమ్మా. ఎందుకు జరగాలో కూర్చోబెట్టి చెప్పింది మీరొక్కరే."