వెనకెక్కిన డ్రైవరు

పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లెలో నేను పంతులుగా ఉన్న రోజుల్లో, పత్తి తీసే ఆడవాళ్లను ఆదోని నుంచి తీసుకుపోయే పికప్ బండిలో ముందు సీట్లో కూర్చుని పోయేవాడిని. ఆ డ్రైవరుకు ఒక వింత అలవాటు ఉండేది. చేను దగ్గర ఆడవాళ్లు దిగి పోతుంటే, వాళ్ల నడకనే చూస్తూ నిలబడేవాడు. ఎందుకని అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

ఒకరోజు కంకర రోడ్డు మధ్యలో, వెనక కూర్చున్న ఒక పెద్దావిడ బండి ఆపించింది.

“నడుములు ఇరిగిపోతాండాయి నాయనా, నేను నడిసే వస్తాలే” అని దిగిపోయింది.

ఆమె నడుం పట్టుకుని నడవడం అద్దంలో చూస్తూ, అతను బండిని మెల్లగా పోనిచ్చాడు.

ఆదివారం టైర్ల షాపుకు నన్నూ వెంటబెట్టుకుపోయాడు. షాపాయన లావు పళ్లున్న టైర్లు చూపించి, “కంకరకు ఇవే మేలన్నా. నా బండికీ ఇవే ఏసినా” అన్నాడు.

“అయితే నీ బండి తియ్యప్పా. నేను ఎనక కూసుంటా” అన్నాడు డ్రైవరు.

షాపాయన నవ్వాడు గానీ, అతను వినలేదు. ఊరి బయట కంకర మీద, బండి వెనక తొట్టిలో, సరిగ్గా చక్రం ఉన్నచోటే కూర్చుని వచ్చాడు. ఒళ్లంతా దుమ్ముతో, నడుం పట్టుకుని దిగాడు.

“ఇవి వద్దు. పళ్లు సిన్నగా, మెత్తగా ఉండేవి ఏయ్.”

“అవి బిరీన అరుగుతాయన్నా. ఇవైతే శానా దినాలు వస్తాయి.”

“టైర్లు వచ్చేది ఉండనీప్పా. మనుషులు రావల్ల గదా!”

సోమవారం పెద్దావిడ చేను దాకా బండిలోనే వచ్చింది.

“ఎట్లుందమ్మా?” అని అడిగాడు.

“కుదుపు తగ్గింది గానీ, ఇంకా ఉంది నాయనా.”

అతను వెంటనే వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, కుదుపు ఇంకా తగ్గేలా టైర్లో గాలి కొంచెం కొంచెంగా తీయడం మొదలుపెట్టాడు.