ఆదివారాల్లో వచ్చే సారు

“అక్కా, ప్లీజ్, ఒక్కసారి మేడమ్‌కి చెప్పవా? మా బాబాయ్ అన్నం తెచ్చేవాడు, అంతేగా. నువ్వే చూశావుగా.”

“నాకేమి తెలుసునమ్మా. సదువు రానిదాన్ని. ఆ కాగితాల సంగతి నన్నడిగితే ఎట్లా?”

మేఘన, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. కారులో పెట్టెలు సర్దేశారు. ఆ పిల్ల నా చెయ్యి వదిలేసి ఎక్కి కూర్చుంది. అప్పటికి దానికి పదిహేడేళ్లు. పదకొండేళ్లుగా ఆ జవాబు మోస్తున్నాను. ఇక మోయలేక, ఇవాళ మా అన్న కూతురు పుష్పను కూర్చోబెట్టి చెబుతున్నాను, తను రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసిన ముఖమైతే నా నోరు పెగలదు.

కన్నడ సీమలో, వర్తూరు అవతల, నేను పనిచేసిన పెద్ద కాలేజీ అది. దేశదేశాల పిల్లలు పదకొండు, పన్నెండు తరగతులు అక్కడే ఉండి చదువుతారు. పరదేశంలో పెద్ద చదువుకు సీటు తెచ్చుకోవడానికే ఆ రెండేళ్లూ. ఎవరికైనా సీటొస్తే భోజనాల హాల్లో గంట కొడతారు, అందరూ లేచి చప్పట్లు చరుస్తారు. ఆడపిల్లల హాస్టల్లో గదులు ఊడ్చి దుప్పట్లు మార్చడం నా పని.

మేఘన వాళ్ల అమ్మానాన్న దుబాయిలో ఉండేవాళ్లు. ఆ అంతస్తులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. నేను దుప్పట్లు మడుస్తుంటే వచ్చి రెండో కొస పట్టుకునేది.

“అక్కా, నీ మడతలు చూస్తే మా లెక్కల సార్ సిగ్గుపడతాడు.”

“రమ్మను మీ సారుని. నలభై దుప్పట్లుండాయి, వచ్చి లెక్క పెట్టమను.”

నవ్వేది. మా ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. పిల్లల్లేరు. పొద్దున లేస్తే మళ్లీ పడుకునేదాకా నన్ను పలకరించే గొంతు అదొక్కటే. అందుకే ఒకరోజు నోరు జారాను. మా ఆయన తాగొచ్చి కొట్టేవాడని, ఆయన పోయిన రోజు నాకు ఏడుపు రాలేదని, మట్టిచేసి వచ్చాక తలుపు వేసుకుని కడుపునిండా అన్నం తిన్నానని. అన్నకు కూడా చెప్పని మాట. పుష్పా, ఆగొద్దు, రాయి.

సీటు కోసం ప్రతి పిల్లా తన బతుకు గురించి ఒక వ్యాసం రాసి పంపాలట. నెలల తరబడి దిద్దుకుంటూ రాస్తారు. రెండు వారాల తర్వాత మేఘన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెబుతూ చదివింది. అందులో నేనున్నాను. తలుపు వేసుకుని తిన్న నా అన్నం ఉంది. దాని కళ్లు మెరిసిపోతున్నాయి. నేను “బాగుండాది” అన్నాను.

ఎందుకన్నాను? వద్దు తల్లీ, తీసెయ్యి అంటే తీసేసేది కాదా? చదువుకునే పిల్లకు వద్దని చెప్పే హక్కు నాకుందని నాకు తోచలేదా? లేక అలా అంటే రేపట్నుంచి దుప్పటి కొస పట్టుకోవడానికి రాదని భయపడ్డానా? ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను, తేలలేదు.

మర్నాడు గది ఊడ్చేటప్పుడు, పసుపు క్లిప్పు పెట్టిన ఆ కాగితాలు చింపి చెత్త సంచిలో వేశాను. పీడ పోయిందనుకున్నాను. సాయంత్రానికి అవే కాగితాలు మళ్లీ బల్ల మీద ఉన్నాయి. మళ్లీ చింపాను. మళ్లీ వచ్చాయి. “ఎక్కడ పెడతానో నాకే తెలియదు” అని మేఘన తన మతిమరుపును తనే తిట్టుకుంది. అసలుది కంప్యూటర్లో ఉంటుందని నాకు అప్పటికి తెలియదు.

అదే వారం, సీట్ల సంగతి చూసే మేడమ్ మా పనివాళ్లను ఒక్కొక్కరినే పిలిచింది. కొందరు పిల్లలు బయటివాళ్ల చేత రాయించుకుంటున్నారట. ఎవరైనా వచ్చి పోవడం చూశావా, అలా రాయించిన వ్యాసం మేం పంపం, అని కన్నడంలో చెప్పింది. పంపం. ఆ ఒక్క మాటే నా చెవిలో పడింది.

చెప్పాను. మేఘన కోసం ఆదివారాల్లో ఒక సారు వస్తాడని, విజిటర్ల గదిలో ఆయన చెబుతుంటే ఈ పిల్ల టైపు కొడుతుందని. వచ్చేది కె.ఆర్.పురంలో ఉండే వాళ్ల బాబాయి. క్యారియర్లో కోడికూర తెచ్చి, ఈ పిల్ల తింటుంటే ఎదురుగా కూర్చుని ఫోన్ చూసుకునేవాడు. ఆ మనిషిని నేను సారును చేశాను. మేడమ్ నన్ను ఎదురు ప్రశ్న అడగలేదు. అక్షరం రాని మనిషి ఇంత కట్టి చెప్పగలదా అనుకుందేమో. గేటు పుస్తకంలో చూస్తే ప్రతి ఆదివారం ఆయన సంతకం ఉంది.

ఆ వ్యాసం ఆపి వేరేది రాయమంటారనుకున్నాను. కాలేజీ ఇవ్వాల్సిన సిఫారసు ఉత్తరమే ఆపేశారు. అది లేకుంటే దరఖాస్తు ఎక్కడికీ వెళ్లదట. బాబాయి వచ్చి బతిమాలాడు, వినలేదు. ఫోన్లో తండ్రి కూడా కూతుర్ని నమ్మలేదు. చెప్పింది ఎవరో మేఘనకు తెలియనివ్వలేదు.

హాల్లో గంట మోగినప్పుడల్లా అది గదిలోనే ఉండిపోయేది. కంచం నేనే పైకి తెచ్చిచ్చేదాన్ని. ఒకసారి ముద్ద చేతిలో పట్టుకుని, “నాకు నువ్వొక్కదానివే ఉన్నావక్కా” అంది. అప్పుడూ చెప్పలేదు. పరీక్షలు రాసి, ఏ సీటూ లేకుండా వెళ్లిపోయింది.

పని పోతుందని చెప్పలేదని చాలాకాలం అనుకున్నాను. అది కూడా నిజం కాదు. ఆ పని నేనే మానేసి ఎనిమిదేళ్లయింది, అయినా చెప్పలేదు. నిజం తెలిస్తే ఆ పిల్ల నన్ను చూసే చూపు మారిపోతుంది. దానికి భయపడ్డాను. ఆ చూపు ఉంచుకోవడానికి దాన్ని ఒంటరిగా పంపేశాను. అది వెళ్లాక దుప్పటి కొస కిటికీ కమ్మికి ముడివేసి ఒక్కదాన్నే మడిచాను.

ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఎక్కడో చదువుకుని బాగానే ఉంటుందిలే అని పుష్ప ఇందాక అంది. అలా అనుకుంటే నాకు హాయిగా ఉంటుంది, అందుకే అనుకోను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. అబద్ధం చెప్పింది నేను. ఈ మాట పైకి అనడం ఇదే మొదటిసారి.

పుష్పా, ఏడిస్తే తర్వాత ఏడుద్దువు గానీ, మొదట్నించి సదువు. మేడమ్ దగ్గర నేను సెప్పిన సోట నిదానంగా సదువు. నా మీద జాలితో ఏడన్నా మెత్తగా రాసుంటావు నువ్వు. అది నాకు వినపడాల.