పొగగదిలో బాబాయి

అగ్నిమాపక శిక్షణ కేంద్రంలో అందరికీ ఆయన బాబాయే. ముప్పై ఏళ్ళు మంటల్లోంచి మనుషుల్ని మోసుకొచ్చినవాడు, మోకాళ్ళు మొరాయించాక ఇప్పుడు తనే మోయించుకుంటున్నాడు. పొద్దున్నే కళ్ళజోడు తుడిచి వంటావిడ చేతికిచ్చి, ఉత్తుత్తి పొగ నింపిన గదిలో గోడవార స్పృహ తప్పినవాడిలా పడుకుంటాడు. కొత్తగా చేరినవాళ్ళు తడుముకుంటూ వచ్చి ఆయన్ని బయటికి ఈడ్చుకుపోవాలి. ఆయన కదలకూడదు, నోరు మెదపకూడదు. "పడుకుని చేసే ఉద్యోగం ఎవరికి దొరుకుతుంది?" అని నవ్వుతాడు. చంక కింద చెయ్యి పడగానే ఆ మనిషిలో భయం ఎంతుందో ఆయనకి తెలిసిపోతుంది.

నిన్న, ఈ పరీక్ష అప్పటికే రెండుసార్లు తప్పిన అమ్మాయి వంతు వచ్చింది. ఇంకోసారి తప్పితే ఇంటికే. పొగలో గోడ మీంచి చెయ్యి తియ్యకూడదన్నది అక్కడ మొదటి పాఠం. బాబాయి దొరికాడన్న సంబరంలో రెండు చేతులతో పట్టేసుకుంది. అంతే, గోడ ఎటుందో తెలియలేదు. "అయ్యో, దారెటు?" అన్న గొంతులో ఏడుపు. బాబాయి కళ్ళు తెరవలేదు. నొప్పి మోకాలు మెల్లగా చాచి, మడమతో గోడని టక్కుమని తన్నాడు. చప్పుడైన వైపు ఆ పిల్ల చెయ్యి చాచింది.

బయటికొచ్చాక ఆయన తల నేలకి తగలకుండా దించి, పక్కనే కూలబడింది. శిక్షకుడు గడియారం ఆపాడు.

"లోపల ఏదో చప్పుడైంది. మీరేనా బాబాయ్?"

బాబాయి మోకాలు రుద్దుకుంటూ, కళ్ళు మూసుకునే అన్నాడు: "నన్నడిగితే ఎలా నాయనా? నేను స్పృహలో లేనుగా!"