ధర్మవరం బండిలో ఒక పుర్రె

ఒళ్లో పుర్రె పెట్టుకుని హిందూపురంలో ప్యాసింజరు ఎక్కినవాళ్లు నాకంటే ముందు ఎవరైనా ఉన్నారో లేదో తెలియదు. రెండువేల మూడులో, శ్రావణమాసంలో ఒక శనివారం. ఏడుంబావుకి రావలసిన బండి ఎనిమిదికి వచ్చింది.

అది నిజం పుర్రె కాదు లెండి. వేల ఏళ్ల కిందటి మనిషి పుర్రెకు ప్లాస్టరుతో పోసిన నకలు. బెంగళూరు కాలేజీలో పాఠాలు చెప్పే నా స్నేహితురాలు వారానికని ఇచ్చింది. ఆ గడువు మర్నాటితో తీరిపోతుంది, తిరిగి ఇచ్చేయాలి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఒక్క పుర్రెను క్లాసంతా దూరంనుంచి చూస్తే ఏం లాభం? దాని ఆకారాన్ని కాగితం మీద పరిచి అట్టల మీద అచ్చువేయిస్తే, ఎవరి పుర్రె వాళ్లే కత్తిరించి, మడిచి, అంటించుకుంటారు. చెప్పడానికి సులువే. నేను నాలుగుసార్లు గీస్తే నాలుగూ సరిగా మూసుకోలేదు. ఒకటైతే నలిగిన టోపీలా వచ్చింది. ధర్మవరంలో చీరల డిజైన్లు గీసే మాస్టరు ఒకాయన ఎంత వంకర వస్తువునైనా గళ్ల కాగితం మీదికి దించుతాడని విని బయల్దేరాను.

పెనుకొండలో ఒక అవ్వ ఎక్కి నా ఎదుట కూర్చుంది. ఎడమ చెంపకు కొంగు అదిమి పట్టుకుంది. పన్ను పీకించుకోవడానికి ధర్మవరం పోతోందట. కొండ కనుమరుగయ్యేదాకా ఊరుకుని, ఇక ఉండబట్టలేక అడిగింది.

"ఏమమ్మా, ఆ సంచి ఒళ్లోనుంచి దించవు, ఏముండాది అందులో?"

తువ్వాలు విప్పి చూపించాను. నా పక్కనున్నాయన లేచి తలుపు దగ్గరికి వెళ్లిపోయాడు. అవ్వ మాత్రం వంగి నోటి భాగమే చూసింది.

"ఈ పక్క పండ్లు లేవే?"

"బతికుండగానే ఊడిపోయాయి, అవ్వా. గుంటలు పూడి ఎముక ఎలా నున్నబడిందో చూడు. ఆ తర్వాత చాన్నాళ్లు బతికినట్టే."

"అట్లనా! మరి ఎట్ల తినిండాలమ్మా?"

"రెండో పక్కన నమిలి. ఆ పళ్లు ఎంత అరిగిపోయాయో చూడు."

అవ్వ కొంగు కొంచెం సడలించింది. "పీకితే పానం పోతాదేమోనని రాత్రంతా నిద్ర లేదు తల్లీ" అంది.

పదింటికి ధర్మవరంలో దిగి, స్టేషను ఎదుట ఉగ్గాని, బజ్జీ తిని, ఆటోలో మాస్టరు ఇంటికి చేరాను. మీరెవరైనా ఇలాంటి పని మీద వెళ్లదలిస్తే శ్రావణంలో వెళ్లకండి. పెళ్లి చీరల తొందరలో అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. ఆయన ముందు విసుక్కున్నాడు. పుర్రె చేతికిచ్చాక మాత్రం విడిచిపెట్టలేదు. దాని మీద తడి కాగితం పరిచి, ముడత పడ్డ చోటల్లా కత్తెర వేసి, ఆ ముక్కల్ని గళ్ల కాగితం మీద పరిచి చుట్టూ పెన్సిలు తిప్పాడు. నేను మగ్గాలు చూస్తూ టీ తాగుతూ కూర్చున్నాను.

రెండింటికి అన్నీ కత్తిరించి అంటించాడు. ఎక్కడా సందు లేకుండా మూసుకుంది. చప్పట్లు కొట్టబోయి ఆగాను. నోట్లో రెండు వైపులా పళ్లున్నాయి!

"మాస్టారూ, ఎడమవైపు ఇలా వచ్చిందేం?"

"కుడిపక్క గీసి తిప్పేసినానమ్మా. బార్డరు గూడా సగమే గీస్తాము, మిగతా సగం దాన్నే తిప్పేది. ముఖమన్నాక రెండు పక్కలూ ఒకటే గదా?"

ముచ్చటైన పుర్రె, కానీ ఆ మనిషిది కాదు. తప్పు ఆయనది కాదు, పక్కనే ఉండి చూడని నాది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. రేపటికి నకలు నా చేతిలో ఉండదు. రైల్లో అవ్వకు చెప్పిందంతా ఆయనకూ చెప్పాను. ఆయన పూడిపోయిన గుంటల మీద బొటనవేలు పెట్టి కాసేపు తడిమాడు.

"శానా నొప్పి పడినట్టుండాది పాపం" అని కొత్త కాగితం తీశాడు.

ఈసారి టీ తాగలేదు. ఐదుకు కొత్త గీతలు, వాటితో చేసిన రెండో కాగితం పుర్రె చేతికొచ్చాయి. ఐదూ నలభై బండి అందుకున్నాను.

రైలు పెట్టెలో అవ్వ ముందే కూర్చుని ఉంది. చెంప వాచింది, నోట్లో దూది. మాట్లాడలేక సంచి వైపు వేలు చూపించింది. రెండు కాగితం పుర్రెలూ ఆమె ఒళ్లో పెట్టాను. పళ్లన్నీ ఉన్నదాన్ని చూసి పక్కకు జరిపింది. రెండోదాని ఎడమవైపు వేలితో తడిమి, అదే వేలు తన చెంప మీద పెట్టుకుంది.

పొద్దుటినుంచి నేను కాగితం గురించే దిగులుపడ్డాను. అది సరిగ్గా రావడం ఎవరికి అవసరమో అప్పుడు తెలిసింది.

పెనుకొండ వస్తుంటే అవ్వ లేచి, ఆ పుర్రెను చూపిస్తూ 'పండ్లు పోయినాక ఎన్నేళ్లు బతికిండాల?' అన్నట్టు వేళ్లు విప్పింది. నిజానికి నాకు తెలియదు.

"చాలా ఏళ్లు, అవ్వా" అన్నాను.

గీతలు నా దగ్గర ఉన్నాయి కదా, ఆ కాగితం పుర్రెను ఆమెనే ఉంచుకోమన్నాను. బయట తుంపర పడుతోంది. కాగితం తడవకుండా దాని మీద కొంగు కప్పుకుని, చెంప వానకు వదిలేసి ప్లాట్‌ఫారం మీద నడిచిపోయింది.