అన్న డప్పు నా చేతుల్లో ఏమైందంటే

మా అన్న మీద సినిమా తీయడానికి పదిమంది వచ్చారని, వాళ్ల రెండు కార్లు మా సందులో పట్టక ఊరి బయటే ఆగిపోయాయని నేను చాలామందికి చెప్పాను. నిజానికి వచ్చింది ముగ్గురు. ఒక అద్దె వ్యాను. అది సందులో బాగానే పట్టింది. ఎదురుగా బర్రె వస్తే పక్కకు జరిగి దానికి దారి కూడా ఇచ్చింది.

ముగ్గురిలో సినిమా తీసేది హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి. కెమెరా పట్టే మనిషి ఒకడు. చెవులకు రెండు డిప్పలు తగిలించుకుని మాటలూ చప్పుళ్లూ పట్టే మనిషి ఇంకొకడు. ఈ మూడోవాడు తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ వింటాడు. అలాంటివాళ్లంటే నాకు మొదటి నుంచీ భయమే.

అన్న అంటే నా తోడబుట్టినవాడు కాదు. దంతాలపల్లి చుట్టుపక్కల పల్లెల్లో డప్పు అంటే ఆయనే. పెళ్లయినా చావయినా, ఊరి నడుమ రాయికి చేసే బొడ్రాయి పండుగయినా ఆయన దెబ్బ పడితేగాని జనం కాలు కదిపేవారు కాదు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన వాయిద్యం గురించి నాలుగు కాలాలు నిలిచే పని ఏదైనా చేయాలని ఆ అమ్మాయి పట్టుదల.

మొదటి రోజే నన్ను మా గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, చొక్కా కాలరుకు చిన్న మైకు గుచ్చి అడిగింది.

"తాతా, మీరు ఆయనతో ఎన్నేళ్లు వాయించారు?"

"ముప్పై ఏండ్లు బిడ్డా. ఆయన కుడిభుజం అంటే నేనే."

వాయించింది పదకొండేళ్లు. అదీ వరుసలో చివరన. పుల్ల జారినా ఎవరికీ కనబడని చోటు అది.

ఈ అబద్ధంతో ఎవరికీ నష్టం లేదు. నన్ను ముంచింది రెండోది.

"ఆయన డప్పు ఇప్పుడు ఎక్కడుంది తాతా?"

"నా దగ్గరనే ఉన్నది. దేవుని లెక్క సూసుకుంటున్న."

ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. అన్న భార్య, నేను వదినె అని పిలిచే ఆమె, ఇప్పుడు భూపాలపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. ఆమె కెమెరా ముందు కూర్చోవడానికి ఒకే ఒక్కటి అడిగిందట. ఆ డప్పును మళ్లీ ఒకసారి చూడాలని.

"నాలుగు రోజుల తర్వాత వస్తాం తాతా. మీరు డప్పు పట్టుకుని మాతో రావాలి. అవ్వ చేతిలో మీరే పెట్టాలి. మా సినిమా చివర అదే."

సరేనన్నాను.

అసలు ఆ డప్పే లేదు. కాలిపోయింది. కాల్చింది నేను.

అన్న పదకొండో రోజు అయిపోయాక వదినె కూతురింటికి వెళ్తూ ఆ డప్పును నా చేతుల్లో పెట్టింది. "నా దగ్గరుంటె పురుగు వడ్తది మర్దీ, నీ దగ్గరుంటె మోగుతది" అంది. వరుసలో ముందున్నవాళ్లు కొందరు అప్పటికే పోయారు. కొందరు వలస వెళ్లారు. మిగిలింది నేను. కాబట్టి నాకిచ్చింది. నేను మాత్రం నా గొప్ప చూసే ఇచ్చిందనుకున్నాను.

డప్పు వాయించే ముందు మంట మీద కాగబెట్టాలి. ఎండుగడ్డి రాజేసి, తోలు సెగకు తగిలేలా తిప్పుతూ పోతే తోలు బిగుస్తుంది. బిగిస్తేనే కంగుమంటుంది. ఆ తిప్పేటప్పుడు మనిషి ధ్యాస అంతా మంట మీదే ఉండాలి. ఆ ఏడాది బొడ్రాయి పండుగకు నేను అన్న డప్పు పట్టుకుని మంట దగ్గర కూర్చున్నాను. చుట్టూ జనం చేరారు. నేను చెబుతున్నాను, వాళ్లు వింటున్నారు. మంట వైపు చూసేవాడు లేడు. తోలు ఫట్టుమని పగిలింది. ఉలిక్కిపడి చేతిలోది మంటలోకి వదిలేశాను. బయటికి లాగేసరికి చుట్టు చెక్క సగం బొగ్గయింది. అన్న బొటనవేలు ఇరవై ఏళ్లు ఆని ఆని చెక్కకు ఒక చిన్న గుంట పడి ఉండేది. ఆ గుంట ఉన్న సగమే కాలింది.

మిగిలిన సగాన్ని పాత ధోవతిలో చుట్టి అటక మీద పెట్టాను. వదినెకు చెప్పలేదు. ఫోను చేసినప్పుడల్లా "డప్పు మంచిగున్నదా మర్దీ" అని అడిగేది. "మంచిగున్నది వదినె" అనేవాణ్ని, మనిషి క్షేమం చెప్పినట్టు.

ఇక మిగిలింది నాలుగు రోజులు. మర్నాడే బస్సెక్కి జనగామ వెళ్లాను. అక్కడ డప్పులు కట్టే పెద్దమనిషి దగ్గర అన్న డప్పంతే ఉన్న డప్పు ఒకటి ఏరి తెచ్చాను. గాజు పెంకుతో చెక్కను గీకి బొటనవేలి గుంట చేశాను. ఆముదంలో మసి కలిపి రుద్దాను. రెండు రోజులు పొయ్యి పొగలో వేలాడదీశాను. దించి చూస్తే నాకే దండం పెట్టాలనిపించింది.

నాలుగో రోజు వ్యాను వచ్చింది. డప్పు చూసి ఆ అమ్మాయి నిజంగానే చేతులు జోడించింది. నాకు చెమటలు పట్టాయి. తర్వాత ఆమె చెప్పిన మాటకు ఆ చెమట కూడా చల్లబడింది.

"తాతా, రేపు భూపాలపల్లి. ఇవాళ జనగామ వెళ్దాం. అక్కడ డప్పులు కట్టే ఆయన ఉన్నారట. డప్పు ఎలా తయారవుతుందో తీస్తాం. మీరు పక్కన ఉంటే బాగుంటుంది."

"ఆయన ఊర్ల లేడు బిడ్డా" అన్నాను వెంటనే.

"పొద్దున్నే ఫోన్‌లో మాట్లాడాను కదా తాతా."

జనగామ చేరేవరకు నేను నోరు తెరవలేదు. అది చూసి కెమెరా మనిషి నాకు ఒంట్లో బాగాలేదేమోనని నీళ్ల సీసా ఇచ్చాడు. డప్పులు కట్టే పెద్దమనిషి తడి తోలు గుంజుతూ తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు.

"ఏం పెద్దమనిషీ, మొన్న..."

నేను అంత దగ్గు ఎన్నడూ దగ్గలేదు. దగ్గుతూనే ఆయన రెక్క పట్టుకుని గోడ వెనక్కు తీసుకుపోయాను.

"జర నోరు మూసుకోరాదె. మొన్న నేను రాలేదు, నువ్వు నన్ను సూడలేదు."

"ఎందుకట్ల? డప్పు మోగుతలేదా?"

"మోగుతది. గని గది నా డప్పు కాదు, మా అన్న డప్పు అని చెప్పిన వీళ్లకు."

"సచ్చినోని పేరు మీద కొత్త డప్పా!" అని ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "నాకెందుకొచ్చిన లొల్లి. నేను అబద్ధం చెప్ప. అడగకపోతే నిజం గూడ చెప్ప. పో."

బతికిపోయాననుకుని గోడ ఇవతలికి వచ్చాను. చెవుల డిప్పల మనిషి వ్యాను పక్కన కూర్చుని నన్నే చూస్తున్నాడు. మెల్లగా లేచి వచ్చి, నా కాలరు మీద వేలు పెట్టాడు.

"తాతా. పొద్దుగాల పెట్టిన మైకు ఇంక నీ కాలర్‌కే ఉన్నది."

భూమి చీలితే బాగుండనిపించింది. చీలలేదు. అది గట్టి రాతినేల.

"మొత్తం ఇన్నవా?"

"ఇనుడే నా పని."

"ఆ పిల్లకు చెప్తవా?"

డిప్పలు మెడలోకి లాక్కున్నాడు. "నేను చెప్ప. నువ్వు చెప్పాలె. గిది నీ సొంత డప్పయితే నాకేంది? కని రేపు గా అవ్వకు ఇస్తున్నవ్."

ఆ రోజు ఇంటికి చేరాక అన్నం ముద్ద దిగలేదు. పొద్దున వ్యాను వచ్చే ముందు అటకెక్కి ధోవతి మూట కూడా దించి నా సంచిలో అడుగున పెట్టాను. ఎందుకు పెట్టానో నాకే తెలియదు. ఇంట్లో వదలాలన్నా భయం, వెంట తేవాలన్నా భయం.

మహబూబాబాద్, గూడూరు, నర్సంపేట, ములుగు. ఊరు దాటినప్పుడల్లా ఇప్పుడు చెబుదామనుకున్నాను. ఆ అమ్మాయి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి "తాతా, ఆయన డప్పు మీ చేతికి వచ్చిన రోజు ఎలా అనిపించింది?" లాంటివి అడిగేది. నేను ఏదో ఒకటి గొప్పగా చెప్పేవాణ్ని. వెనక డిప్పల మనిషి గొంతు సవరించుకునేవాడు. చెల్పూర్ దగ్గర కరెంటు ప్లాంటు పొగగొట్టం కనబడింది. వదినె అల్లుడు పనిచేసేది అక్కడే. ఆ గొట్టం దగ్గరవుతుంటే జర వ్యాను ఆపమన్నాను. దిగి, ఏమీ చేయకుండా, మళ్లీ ఎక్కాను.

వదినె వాకిట్లో ఎండు టేకాకులు కుప్పగా పోసి కూర్చుని ఉంది. మనిషి సగమైంది. గొంతు మాత్రం అదే.

"అచ్చినవా మర్దీ. తెచ్చినవా?"

కెమెరా ఎర్రదీపం వెలిగింది. డప్పు రెండు చేతులతో అందించాను. ఆమె దాని ముఖం చూడలేదు. ఆకులకు అగ్గిపుల్ల అంటించింది.

"సల్లటి డప్పు మూగది. ముందుగాల కాగాలె" అని ఆ అమ్మాయితో అంది. "పెండ్లయిన కాన్నుంచి ఇంటికాడ మొదటి కాక నాదే. నేను కాగవెట్టి ఇస్తె గాని ఆయన గడప దాటకపోయేది."

పదకొండేళ్లలో ఈ సంగతి నాకు తెలియదు. అన్న చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె డప్పును సెగ మీద మెల్లగా తిప్పుతుంటే నాకు ఆ బొడ్రాయి మంటే కనబడింది. గోటితో తోలు మీద కొట్టి చెవి ఆనించింది. మళ్లీ తిప్పింది. అప్పుడు బొటనవేలు నేను చేసిన గుంటలో పడింది. అక్కడే ఆగింది.

"గిదేంది మర్దీ?"

"తోలు పోతె మార్పించిన వదినె" అన్నాను.

"మరి కట్టె?"

"అది గూడ జర... పురుగు వట్టింది."

"తోలు మార్పిస్తివి, కట్టె మార్పిస్తివి. మరి ఇందుల ఆయనది ఏమున్నది? ఇరవై ఏండ్లు ఏలు ఆన్తె పడ్డ గుంట గింత గరుకు ఉంటదా?"

డిప్పల మనిషి నా వైపు చూడలేదు. నేలను చూస్తున్నాడు. నా చేతులు వాటంతటవే సంచిలోకి పోయాయి. ధోవతి విప్పి కాలిన సగం చెక్కను ఆమె ముందు పెట్టాను. ఏడ్చేశానని తర్వాత నలుగురికి చెప్పాను. ఏడవలేదు. భయానికి ఏడుపు కూడా రాలేదు.

వదినె ఆ చెక్కను ఒళ్లో పెట్టుకుని, గుంట ఉండాల్సిన చోట, గాలిలో, వేలు ఆనించి చూసుకుంది.

"కాగవెడ్తుంటె కాలిందా?"

"అవును."

"ఎవలతోని మాట్లాడుతున్నవ్ అప్పుడు?"

"జనంతోని."

"ఏమని?"

ఇది తప్ప ఇంకేదైనా అడిగి ఉండాల్సింది.

"అన్నకు పెండ్లి దెబ్బ నేర్పింది నేనే అని."

మంటలో ఆకులు చిటపటమన్నాయి. ఆమె తిడుతుందని చూశాను. తిడితే బాగుండేది.

"ఆయన అననే అన్నడు. వాడు మంచోడే గని, వాని చేతికి డప్పు కాగవెట్టనియ్యకు, మంట దిక్కు సూడడు, మనుషుల దిక్కు సూస్తడు అని. నేనే ఇనలే." అని ముక్కు చీదింది. తర్వాత కొత్త డప్పును నా వైపు తోసింది. "మూడేండ్లు ఇంట్ల పీనుగను వెట్టుకొని తిరిగినవ్. ఇగ వెయ్యి."

"ఏ దెబ్బ వదినె?"

"సచ్చినదానికి ఏ దెబ్బ ఏస్తరు?"

కాలిన చెక్కను ఆమె మంటలో పెట్టింది. నేను పుల్లలు తీసుకుని నిలబడ్డాను. వరుస లేదు, ముందు అన్న లేడు, పుల్ల జారితే దాక్కునే చోటు లేదు. చావు దెబ్బ ఒంటరిగా నేనెన్నడూ వాయించలేదు.

సినిమా ఇంకా బయటికి రాలేదు. మొదట జనగామలో తెర కట్టి చూపిస్తారట. ఈ ముక్క ఉంచారో తీసేశారో ఆ అమ్మాయిని అడగడానికి ఇప్పటికీ ధైర్యం చాలలేదు. ఆ రోజు వాకిలి దద్దరిల్లేలా వాయించానని, భూపాలపల్లి సగం వచ్చి చూసిందని మా ఊళ్లో చెప్పాను. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు, అంతే. రెండుసార్లు పుల్ల జారింది. మూడోసారి తడబడ్డప్పుడు వదినె తల ఎత్తకుండానే అంది.

"కెమెరా దిక్కు కాదు మర్దీ. మంట దిక్కు సూడు."

చూశాను.